ఎవరూ గీయని మూడు పోగులు

ధర్మవరంలో ఓబిలేష్ మగ్గానికి ఉన్న కంప్యూటరు మే నెల మధ్యలో కాలిపోయింది. కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం దాని వెనకనుంచి సన్నగా పొగ వచ్చింది, అంతే. మగ్గం పైన బిగించిన జాకార్డు డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. కానీ ఏ వరుసకు ఏ పోగులు లేపాలో చెప్పే కంప్యూటరు లేకపోతే ఆ డబ్బా ఉన్నా లేనట్టే.

మరుసటి వారం అతను త్రివేణి గదికి వచ్చాడు. త్రివేణికి నలభై ఒక్క ఏళ్లు. స్టేషన్ రోడ్డులో చిన్న గది అద్దెకు తీసుకుని, నేతగాళ్లకు చీరల డిజైన్లు కంప్యూటర్లో గళ్లు గళ్లుగా గీసి ఇస్తుంది. ఓబిలేష్ నేసే హంసల కొంగు కూడా ఆమె గీసిందే.

"త్రివేణమ్మా, దివాకరన్న అట్టలకే మళ్లుకోమంటాండాడు. చిల్లుల అట్టలు కుట్టుకుంటా కూర్చునే రోజులు అయిపోయినాయనుకుంటి. నీకేమన్నా దారి కనపడతాదా?" అన్నాడు.

దివాకర్ పట్టూ జరీ ఇచ్చి, అతని చేత చీరలు నేయించుకునే వ్యాపారి. కంప్యూటర్లు రాకముందు ఏ వరుసకు ఏ పోగులు లేవాలో ఆ చిల్లుల అట్టలే చెప్పేవి.

"డబ్బా చేసిన కంపెనీవాళ్లను అడిగితివా అన్నా?"

"వాళ్లు మూసేసి ఆరేండ్లాయ. ఫోను చేస్తే ఎవరో పెండ్లి మండపమాయప్ప ఎత్తుతాండాడు."

త్రివేణికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆలోచన కూడా వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లకు ఎక్కదు. ఎక్కినా డబ్బా తీగకు కావలసిన తొమ్మిది సూదుల సాకెట్ ఇప్పుడొచ్చే వాటికి ఉండదు. ఆ సాకెట్ ఉన్న ల్యాప్‌టాప్ మాత్రం ఆమె దగ్గర ఒకటుంది. దానికి పదహారేళ్లు. అంత పాతదాన్ని పెద్ద పెద్ద సిస్టంలన్నీ ఎప్పుడో వదిలేశాయి. వెరిల్ ఒక్కటే వదల్లేదు.

వెరిల్ అనేది యూనిక్స్ అనే పాతకాలపు సిస్టం వంశంలో పుట్టిన చిన్న ఆపరేటింగ్ సిస్టం. ఎవరి కంపెనీదీ కాదు, ప్రపంచంలో అక్కడక్కడా ఉన్న ముప్పై నలభై మంది తీరిక వేళల్లో రాస్తున్నారు. ఇంకా బీటాలోనే ఉంది. అంటే పని చేస్తుంది గానీ, చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. లాక్‌డౌన్ నాటి నుంచి త్రివేణి దాన్ని తన పాత ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తూనే ఉంది. మొదటిసారి ఎక్కించినప్పుడు తెర తలకిందులుగా వచ్చింది. తర్వాతి విడతలో తెర నిలబడింది గానీ వేలు కుడికి జరిపితే బాణం ఎడమకు పోయేది. ప్రతి లోపమూ ఆమెకు ఒక పొడుపుకథలా ఉండేది. విప్పేదాకా ఊరుకోబుద్ధయ్యేది కాదు.

"దారి ఉండాదో లేదో చెప్పలేను. చూస్తాను మాత్రం," అంది.

డబ్బాతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఓబిలేష్ పెట్టెలో భద్రంగా దాచి ఉంచాడు. త్రివేణి దాన్ని రెండు రోజులు చదివింది. లెక్క తేలికే. డబ్బాలో నాలుగువందల ఎనభై కొక్కేలున్నాయి, ఒక్కో కొక్కేనికి ఒక పోగు. నేతగాడు కాలికింది పలక తొక్కగానే డబ్బా తర్వాతి వరుస అడుగుతుంది. కంప్యూటరు అరవై సంఖ్యలు పంపాలి, ఎనిమిది కొక్కేలకు ఒక సంఖ్య చొప్పున. అరవై అందగానే కొక్కేలు లేస్తాయి. అంతకంటే ఎక్కువ వస్తే డబ్బా వాటిని పారేసి, మళ్లీ పలక తొక్కేదాకా కూర్చుంటుంది.

ఆమె వారం రోజుల్లో చిన్న ప్రోగ్రాం రాసింది. జూన్ మొదట్లో ఒక ఉదయం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఓబిలేష్ ఇంటికి వెళ్లింది. గుంట మగ్గం పక్కన స్టూలు వేసి, దానిమీద ల్యాప్‌టాప్ పెట్టి తీగ తగిలించింది. ఓబిలేష్ గుంటలోకి కాళ్లు దించి పలక తొక్కాడు. పైన డబ్బా టకటకమంది, పోగులు లేచాయి.

"లేచినాయి మే!" అని ఓబిలేష్ కేకేస్తే అతని భార్య పుష్పావతి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

అతను ఇరవై వరుసలు ఆపకుండా నేశాడు. హంసల పాదాలు ఒక్కొక్కటే గుడ్డలోకి దిగాయి. త్రివేణి ఆ రోజు అన్నం వాళ్లింట్లోనే తిని, ల్యాప్‌టాప్ మగ్గం దగ్గరే ఉంచి, తృప్తిగా వెళ్లిపోయింది.

మూడో రోజు ఓబిలేష్ ఫోన్ చేశాడు.

"ఒకసారి వచ్చి చూసి పో తల్లీ. తప్పులు పడతాండాయి."

ఆమె వెళ్లేసరికి దివాకర్ కూడా అక్కడే ఉన్నాడు. కొంగు గుడ్డను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. కొన్ని వరుసల్లో హంస తల దగ్గర్నుంచి కుడివైపు బొమ్మంతా పక్కకు జరిగి ఉంది. ఇంకొన్ని వరుసల్లో ఏ లెక్కా లేకుండా జరీ చిందరవందరగా పడింది.

"ఓబిలేషా, ఏమనుకోవద్దు. నీకు యాభై ఎనిమిది వచ్చినాయి. కాలు ఒకసారికి రెండుసార్లు తొక్కుతాండావేమో. నీకు తెలీకుండానే జరుగుతాది అట్లా," అన్నాడు దివాకర్. మాట మెత్తగానే ఉంది.

దివాకర్ వెళ్లిపోయాక ఓబిలేష్ చాలాసేపు తన కుడి పాదం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు తొక్కినావంటావా?" అని పుష్పావతి నెమ్మదిగా అడిగింది.

"లేదనే అనుకుంటాండా. కానీ ఆయప్ప అన్నాక నాకే నమ్మకం పోతాండాది," అన్నాడు.

త్రివేణి ఆ గుడ్డను ఒళ్లో వేసుకుంది. కాలు రెండుసార్లు పడితే ఒక వరుస మొత్తం తప్పిపోవాలి, సగం వరుస పక్కకు జరగదు. ఆ మాట చెప్పబోయి ఆగింది. రుజువు లేకుండా చెబితే ఓదార్పు మాటలా ఉంటుంది తప్ప అతనికి పనికిరాదు.

"అన్నా, నువ్వు రోజూ నేసినట్లే నెయ్యి. నేను పక్కన కూర్చుని రాసుకుంటా," అంది.

అయిదు రోజులు అలాగే గడిచాయి. తప్పు పడిన ప్రతి వరుసకూ నోటుపుస్తకంలో వరుస నెంబరు, గంట, ఆ సమయంలో ఇంట్లో ఏం జరుగుతోంది అన్నీ రాసుకుంది. ఫ్యాను వేసిందీ, మిక్సీ తిప్పిందీ, పక్కింట్లో పట్టు చుట్టే యంత్రం నడిచిందీ కూడా రాసింది. పుష్పావతికి ఇదంతా వింతగా ఉండేది.

"డాక్టరు జ్వరం రాసుకున్నట్లు రాసుకుంటాండావు," అంది.

అయిదో రోజున ఆ పుస్తకం చూస్తే త్రివేణికి ఒక సంగతి తెలిసింది. అక్కడున్నది ఒక రోగం కాదు, రెండు. ఒకటి చిందరవందర తప్పు. అది ఏ వరుసలోనైనా పడుతోంది గానీ పక్కింటి యంత్రం మొదలైనప్పుడో, ఆగినప్పుడో మాత్రమే. రెండోది జరుగుడు తప్పు. దానికి పక్కింటితో సంబంధం లేదు. అది కొన్ని వరుసల్లోనే వస్తోంది, మళ్లీ మళ్లీ అవే వరుసల్లో.

ముందు మొదటి రోగం పట్టుకుంది. తీగ మార్చి చూసింది, పోలేదు. ల్యాప్‌టాప్‌ను దూరంగా జరిపింది, పోలేదు. ఒకసారి డబ్బా ఇనుప పట్టీ మీద చెయ్యి వేసినప్పుడు వేళ్లకు సన్నగా జిల్లుమంది.

"ఇది ఎప్పుడూ ఇట్లే జిల్లుమంటాదా వదినా?"

"వానాకాలంలో అనదు. ఎండలు ముదిరినాక అంటాది. ఫ్రిజ్జు గూడా అంతే," అంది పుష్పావతి మామూలుగా.

త్రివేణి లేచి పెరట్లోకి నడిచింది. గోడ పక్కన ఎర్తింగ్ గుంట ఉంది. మూత తీసి చూస్తే లోపల మట్టి ఎముకలా ఎండిపోయి, కడ్డీ చుట్టూ వేలు పట్టేంత సందు ఏర్పడింది. కడ్డీకి తడి నేల తగిలితేనే దారి తప్పిన కరెంటు భూమిలోకి దిగుతుంది. ఆ ఏడు ధర్మవరం చుట్టుపక్కల మే నెలంతా ఒక్క చినుకు పడలేదు.

"దీంట్లో నీళ్లు పోయాల వదినా. ఉప్పు కలిపి."

"తాగేదానికే ట్యాంకరు మూడు దినాలకొకసారి వస్తాంటే గుంటకు పోయాల్నా?"

"మంచినీళ్లు వద్దులే. గిన్నెలు కడిగినవి చాలు."

పుష్పావతి ఆ సాయంత్రం నుంచి బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెల నీళ్లు బకెట్లో పట్టి గుంటలో పోయడం మొదలుపెట్టింది. మూడో రోజుకు పట్టీ ముట్టుకుంటే జిల్లుమనలేదు. పక్కింటి యంత్రం పదిసార్లు మొదలై ఆగింది. ఒక్క చిందరవందర తప్పు కూడా పడలేదు.

"నీళ్లు పోస్తే కంప్యూటరు బాగయ్యేది నేను యాడా వినలేదు," అని ఓబిలేష్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కానీ జరుగుడు తప్పు అలాగే ఉంది. దానిలో ఇంకో గమ్మత్తు కూడా ఉంది. పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి నేత మొదలుపెట్టిన కాసేపు ఆ తప్పు రాదు. ఒకసారి మొదలైతే ఆ రోజంతా వదలదు.

మొదటి ఆధారం దొరకబట్టింది ఓబిలేషే. ఒకరోజు త్రివేణి వచ్చేసరికి తప్పు పడిన వరుసల దగ్గర గుండుసూదులు గుచ్చి ఉంచాడు.

"ఇట్లా రామ్మా. ఈ హంస తల మీది కుచ్చు నువ్వు ఎట్లా గీసినావు?"

"రెండు పోగులు, మధ్యలో ఒక పోగు సందు."

"మరి దాని పక్కన ఇదేంది?" అని గోటితో చూపించాడు. కుచ్చుకు కాస్త ఎడమగా జరీ మూడు చుక్కలుగా పడింది. రెండు పోగులు ఆనుకుని ఉన్నాయి, ఒక పోగు సందు, తర్వాత ఇంకో పోగు. "ఇది నీ గ్రాఫులో ఉండాదా?"

త్రివేణి ల్యాప్‌టాప్‌లో డిజైన్ తెరిచి చూసింది. లేదు.

"ఒక్కచోట కాదు. ఈ పదకొండు సూదుల దగ్గరా ఇదే మూడు పోగులు. రెండు ఆనుకోని, ఒకటి విడిగా. దాని తర్వాతనే బొమ్మ జరుగుతాండాది. నేను నేసిన గుడ్డలో నేను నెయ్యనిది, నువ్వు గీసిన బొమ్మలో నువ్వు గీయనిది. ఎవరు పెట్టినారు దీన్ని?"

త్రివేణి ఆ సూదులన్నింటి దగ్గరా ఒక్కొక్కటే చూసింది. యంత్రం చెడిపోతే ఎట్లయినా చెడిపోతుంది, ప్రతిసారీ ఒకే బొమ్మ వెయ్యదు. ఇది చెడిపోవడం కాదు. ఎక్కడో ఏదో ఒక పద్ధతి ప్రకారం పనిచేస్తూ ఆ మూడు పోగులూ కావాలనే పెడుతోంది.

"అయితే అన్నా, ఇట్లా రెండు పోగుల కుచ్చు ఉన్న చోటల్లా ఇది పడుతోందా?"

"అదే తిరకాసు. కుచ్చులు ముప్పై ఆరు ఉండాయి. పదకొండింటి దగ్గరే పడతాండాది. మిగతావి సక్కగా ఉండాయి. అవీ అదే కుచ్చులే."

త్రివేణి గ్రాఫు కాగితం పరిచి, ఎడమ అంచు నుంచి ఒక్కో కుచ్చు ఎన్నో పోగు దగ్గర మొదలవుతోందో లెక్క పెట్టింది. ఓబిలేష్ గుడ్డమీద లెక్కపెట్టి చెబుతుంటే ఆమె రాసుకుంది. తప్పు పడిన కుచ్చులు పదమూడో పోగు దగ్గర, నలభై ఐదో పోగు దగ్గర, డెబ్బై ఏడో పోగు దగ్గర మొదలవుతున్నాయి. ఆమె ఆ అంకెలను ఎనిమిదితో భాగించింది. అన్నింటికీ శేషం ఐదు. పొద్దున తప్పు మొదలుకాకముందు నేసినవి పక్కన పెడితే, బాగున్న కుచ్చుల్లో ఒక్కదానికీ శేషం ఐదు రాలేదు.

"ఎనిమిదేసి పోగుల కట్టలో ఐదో పోగు మీద మొదలైతేనే తప్పు పడుతోంది అన్నా!"

"గుడ్డకు ఎనిమిది కట్టలు యాడుండాయి? గుడ్డకు అట్లాంటివేమీ తెలీదు."

"గుడ్డకు తెలీదు. కంప్యూటరుకు తెలుసు. అది ఎనిమిది పోగులను ఒక సంఖ్యగా చేసి పంపుతాది."

ఆమె గ్రాఫు మీద పెన్సిలుతో రాసి చూపింది. కట్టలో ఒక్కో పోగుకు ఒక విలువ, కుడి చివర ఒకటితో మొదలై ఎడమకు పోయేకొద్దీ రెట్టింపు. కట్టలో ఐదో పోగు లేస్తే ఎనిమిది, ఆరో పోగుకు నాలుగు, ఏడో పోగుకు రెండు, ఎనిమిదో పోగుకు ఒకటి. కుచ్చులో లేచేవి ఐదో పోగు, ఏడో పోగు. ఎనిమిదీ రెండూ పది.

"అంటే పది అనే సంఖ్య పోయేటప్పుడే ఈ గొడవ," అంది. తర్వాత ఎవరూ గీయని మూడు పోగులను లెక్కగట్టింది. ఐదు, ఆరు ఆనుకుని ఉన్నాయి, ఎనిమిది విడిగా ఉంది. ఎనిమిదీ నాలుగూ ఒకటీ. పదమూడు.

పది ముందర పదమూడు. పెన్సిలు ఆమె చేతిలోనే ఆగిపోయింది.

పద్దెనిమిదేళ్ల వయసులో ఆమె అనంతపురంలో టైపు లోయరు పరీక్ష రాసింది. టైపు మిషనులో గీత చివరికి వచ్చినప్పుడు చేసే పనులు రెండు. కాగితాన్ని ఒక గీత పైకి జరపాలి, మీటతో బండిని మళ్లీ మొదటికి తోయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోతే అక్షరాలు కాగితం చివరనే పడేవి. కంప్యూటర్లు పుట్టిన కొత్తలో వాటికి తెరలు లేవు, అట్లాంటి మిషన్లే ఉండేవి. అందుకని ఆ రెండు పనులకూ రెండు సంఖ్యలు పెట్టారు. కాగితం జరపడానికి పది, బండిని మొదటికి తోయడానికి పదమూడు. మనిషి పది ఒక్కటే పంపి మరిచిపోతాడేమోనని, యూనిక్స్ వంశపు సిస్టంలు పది కనిపించగానే దానికి ముందు పదమూడు తామే జోడించేలా ఏర్పాటు చేశారు. ఆ అలవాటు యాభై ఏళ్లుగా నడుస్తోంది.

ఇదంతా ఆమె ఓబిలేష్‌కు చెప్పింది. అతను గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"అంటే మన హంస కుచ్చును చూసి అది గీత అయిపోయిందనుకుంటాండాది."

"అనుకుని, బండిని మొదటికి తోస్తాండాది."

"బండి యాడుండాదప్పా ఈడ?" అని చుట్టూ చూశాడు. "ఒక సంఖ్య ఎక్కువ పడింది కాబట్టి మిగతాదంతా ఎనిమిది పోగులు పక్కకు జరిగినాది. ఇంతేనా?"

"ఇంతే."

అతను తన కుడి పాదం వైపు చూసుకుని, "నా కాలు కాదు కదా," అన్నాడు.

"నీ కాలు కాదన్నా."

పుష్పావతి కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

అయితే త్రివేణికి ఇంకో చిక్కు మిగిలింది. ఆ అలవాటు సంగతి ఆమెకు ముందే తెలుసు. పంపినదాన్ని ఉన్నదున్నట్టు పంపాలని, ఏదీ జోడించవద్దని ప్రోగ్రాం మొదట్లోనే ఆజ్ఞ రాసింది. వెరిల్‌ను అడిగితే ఆ ఆజ్ఞ అమల్లో ఉందనే చెబుతోంది. మరి ఎందుకు జోడిస్తోంది?

ఆ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తీసుకుని గదికి వెళ్లి ఒక పరీక్ష పెట్టింది. ల్యాప్‌టాప్ వెనక సాకెట్లో పంపే సూదినీ, అందుకునే సూదినీ ఒక పిన్నీసుతో కలిపింది. ఇప్పుడు అది పంపింది దానికే తిరిగి వస్తుంది. సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా వరసగా పంపింది. మొత్తం రెండువందల యాభై ఆరు సంఖ్యలు. అన్నీ సరిగ్గా తిరిగొచ్చాయి, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ఇరవైసార్లు చేసినా అంతే. మగ్గం దగ్గర ఉన్న తప్పు ఇక్కడ లేదు.

ఆమె పరీక్ష నడుస్తుండగానే కుక్కరు కూత వేస్తే లేచి వెళ్లింది. వచ్చి మళ్లీ పంపింది. ఈసారి రెండువందల యాభై ఏడు తిరిగొచ్చాయి.

తెర దగ్గరికి వంగి చూసింది. ఎనిమిది, తొమ్మిది, పదమూడు, పది, పదకొండు. ఎవరూ పంపని పదమూడు అక్కడ నిలబడి ఉంది.

తేడా ఏమిటి? కుక్కరు దింపడానికి పట్టిన సమయం. ప్రతిసారీ ప్రోగ్రాం కొత్తగా మొదలుపెట్టి, గడియారం పెట్టుకుని చూసింది. రెండు సెకన్లు ఆగి పంపితే బాగుంది. ఐదు సెకన్లు ఆగినా బాగుంది. తొమ్మిది ఆగినా బాగుంది. పదకొండు సెకన్లు ఆగి పంపితే తప్పు. ఒకసారి తప్పు మొదలయ్యాక ఎంత వేగంగా పంపినా తప్పే.

అప్పుడు అర్థమైంది. కరెంటు ఆదా కోసం వెరిల్ పది సెకన్లు వాడని సాకెట్‌ను నిద్రపుచ్చుతోంది. నిద్ర లేపేటప్పుడు ఆ పాత ల్యాప్‌టాప్ సాకెట్ తనకు చెప్పిన ఆజ్ఞలన్నీ మరిచిపోయి లేస్తోంది. వెరిల్ మాత్రం తన పుస్తకంలో రాసుకున్నది చూసి ఆజ్ఞ ఉందనే అనుకుంటోంది. ఓబిలేష్ ఉదయం చేయి ఆడుతున్నంతసేపు సాకెట్‌కు నిద్ర పట్టదు. తెగిన పోగు ముడివేయడానికో, జరీ చుట్టిన చిన్న నాడెలు సరిచేయడానికో ఒక్కసారి ఆగాడా, ఆ రోజంతా తప్పులే. మగ్గం మీద ఎంత జాగ్రత్తగా పనిచేస్తే అంత తప్పు పడేది.

ఆమె వెరిల్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం రాసింది. ఏ ల్యాప్‌టాప్, ఏ విడత, ఎన్ని సెకన్లు, ఏం పంపితే ఏం వచ్చింది, అన్నీ వివరంగా పెట్టింది. రెండో రోజు హెల్మి అనే ఆమె జవాబిచ్చింది. సాకెట్ల భాగం రాసింది తానేనని, ఆ మోడల్ తన దగ్గర లేక నిద్ర లేపే భాగాన్ని ఊహించి రాశానని ఒప్పుకుంది. నాలుగు గీతల సవరణ పంపింది. చివర ఒక ప్రశ్న కూడా అడిగింది. ఇంతవరకూ ఇది ఎవరికీ ఎందుకు కనపడలేదో తెలుసుకోవాలనుందట. "మీ తీగ అవతలి చివర ఏముంది?"

త్రివేణి ఆ ప్రశ్నకు ఫోటోతో జవాబివ్వాలనుకుంది. మరునాడు వెళ్లి గుండుసూదులు గుచ్చిన గుడ్డ అడిగితే ఓబిలేష్ మొహం మారిపోయింది.

"తప్పు గుడ్డ నా ఇల్లు దాటి పోకూడదమ్మా. ముప్పై తొమ్మిదేండ్లలో ఒక్క చీర తిరిగి రాలేదు నాకు. ఫోటో అయితే మాత్రం ఏమి? ఓబిలేష్ నేసిందని చూస్తారు గదా."

"ఇది తప్పని నువ్వే గదన్నా కనిపెట్టింది. ఆమె రాసిన దాంట్లో ఉన్న తప్పు ఆమెకు కనపడలేదు. నీ గుడ్డలో నీకు కనపడింది."

అతను ఆలోచించాడు. "ఆయమ్మ రాసింది ఆయమ్మకే తెలియలేదంటావా?"

"ఆమె ఒప్పుకుంది కూడా."

"ఒప్పుకునిందా!" అతనికి ఆ మాట బాగా నచ్చింది. గుడ్డను వాకిట్లో మంచం మీద నీటుగా పరిచి, పదకొండు సూదుల్లో మధ్య సూది దగ్గర మూడు పోగుల మీద తన వేలు పెట్టాడు. "ఇప్పుడు తియ్యి. వేలు గూడా పడనీ. కనిపెట్టింది ఎవరో తెలియాల."

హెల్మి సవరణను ఎక్కించాలంటే వెరిల్ గుండెకాయ లాంటి భాగాన్ని ఆ ల్యాప్‌టాప్‌లోనే మళ్లీ తయారుచెయ్యాలి. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నర దాకా నడిచింది. వేడికి ఆగిపోకుండా త్రివేణి రెండు ఇటుకల మీద దాన్ని నిలబెట్టి, టేబుల్ ఫ్యాను పెట్టింది. అయ్యాక పిన్నీసు పరీక్ష చేసింది. పదకొండు సెకన్లు ఆగింది. రెండువందల యాభై ఆరు. నిమిషం ఆగింది. రెండువందల యాభై ఆరు. వీధి చివరిదాకా వెళ్లి టీ తాగి వచ్చింది. రెండువందల యాభై ఆరు.

ఓబిలేష్ కొంగు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మూడువందల పన్నెండు వరుసలు. త్రివేణి మొదటి రోజంతా అక్కడే ఉంది. అతను కావాలనే మధ్యమధ్యలో నేత ఆపి, వక్కాకు వేసుకుని, పుష్పావతితో మాట్లాడి, మళ్లీ పలక తొక్కేవాడు. ప్రతి కుచ్చు దగ్గరా ముందుకు వంగి చూసేవాడు. రెండు పోగులు, మధ్యలో సందు. ఇంకేమీ లేదు.

నాలుగో రోజు కొంగు పూర్తయ్యేసరికి దివాకర్ వచ్చాడు. గుడ్డను రెండువైపులా తిప్పి చూశాడు.

"బాగొచ్చినాదే. ఇప్పుడు కాలు సరిగ్గా పడతాండాదా?" అన్నాడు నవ్వుతూ.

త్రివేణి ఏదో అనబోయింది. ఓబిలేష్ చేయెత్తి ఆపి గుంటలోంచి పైకి వచ్చాడు. పాత గుడ్డ తెచ్చి దివాకర్ చేతుల్లో పెట్టాడు.

"ఇట్లా చూడు దివాకరన్నా. ఈ మూడు పోగులు చూసినావా? దీని పేరు పదమూడు. ఇది నా కాలు పెట్టింది కాదు, త్రివేణమ్మ గీసింది కాదు."

"మరి?"

"వెనకట టైపు మిషన్లు ఉండేవి. గీత అయిపోతే బండిని మొదటికి తొయ్యాల. ఈ సిస్టము మన హంస కుచ్చును చూసి గీత అయిపోయిందనుకుని, లేని బండిని తోసింది. వద్దని త్రివేణమ్మ ముందే చెప్పి పెట్టింది. కానీ పది లెక్కపెట్టేలోపల దాన్ని పలకరించకపోతే అది నిద్రపోయి, చెప్పిందంతా మరిచిపోయి లేస్తాండాది. దాన్ని రాసినాయమ్మ ఒప్పుకుంది గూడా."

దివాకర్ గుడ్డ వైపు, ల్యాప్‌టాప్ వైపు, ఓబిలేష్ వైపు మార్చి మార్చి చూశాడు. అతనికి సగమే అర్థమైనట్టుంది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"బండి అంటివి, నిద్ర అంటివి. మళ్లా మొదట్నుంచి చెప్పప్పా. కుచ్చును చూసి గీత అనుకునేది ఎట్లా?"

"కూర్చో. ముందు ఎనిమిది పోగులు లెక్కపెట్టుకో," అని ఓబిలేష్ గుడ్డను అతని మోకాళ్ల మీద పరిచాడు.

వాళ్లిద్దరూ తలలు వంచి పోగులు లెక్కపెడుతుంటే, త్రివేణి ఫోన్‌లో మెయిల్ తెరిచింది. హెల్మి ఫోటో చూసి రాసిన జవాబు వచ్చి ఉంది. ఆ వేలు ఎవరిదో, సవరణ జాబితాలో తప్పు కనిపెట్టినవారిగా ఏ పేరు రాయాలో అడిగింది. త్రివేణి ఓబిలేష్ ఇంటిపేరుతో సహా పూర్తిపేరు అడిగి, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ టైపు చేసి పంపింది.